నమ్ముట – నమ్ముకొనుట

మన తెలుగుభాషయందు "నమ్ముట" యను క్రియకు తోడుగా "నమ్ముకొనుట" యను మరియొక క్రియ కలదు. రెండింటికిని మూలమొక్కటియే. అయినను వాడుకలో వాని తావులు వేరు. "ఈ యేడు వానలు బాగుగ కురియునని పెద్దలు చెప్పిరి, నమ్మితిని" అందుము. "ఆ నాలుగెకరములను నమ్ముకొని బ్రతుకుచున్నాము" అందుము. మొదటిది ఒక మాటను మనస్సు అంగీకరించుట. రెండవది మనుగడనే తెచ్చి ఒకచోట ఆనించుట. ఈ రెంటికిని నడుమ మరియొకటి కలదు. "ఆయనను నమ్మవచ్చును" అని ఒక మనుష్యుని గూర్చి పలుకుదుము. అచ్చట నమ్మునది ఒక వార్తను గాదు, ఒక వ్యక్తిని.

మాటను నమ్ముట, మనిషిని నమ్ముట, భగవంతుని నమ్ముకొనుట అను ఈ మూడింటికిని మనము విశ్వాసమని ఒకే పేరు పెట్టుచున్నాము. అందువలన ఒకదానికి తగిన కొలతతో మరియొకదానిని కొలుచు పొరపాటు ఇండ్లలో తరచుగ జరుగుచుండును. దాని ఫలితముగ కొందరు మోసపోవుచున్నారు. కొందరు మోసపోవుదుమను భయముచేత ఎవ్వరిని నమ్మక ఒంటరులగుచున్నారు. మరికొందరు కష్టకాలమున భగవంతునిపైననే మనస్సు విరిగి, "నమ్మినందులకు ఫలమిదియా?" యని కన్నీరు పెట్టుకొనుచున్నారు. కాబట్టి ఈ మూడింటి తారతమ్యమును తెలిసికొనుట పండితులకే గాక ప్రతి గృహస్థునకును అవసరము.

గండిక్షేత్రము

ఈ విచారమునకు తగిన పుణ్యస్థలము కడప జిల్లాలో ఒకటి కలదు. వేంపల్లె సమీపమున శేషాచల పర్వతశ్రేణి ఒడిలో ఇడుపులపాయ యను గ్రామమున్నది. దానికి కొలదిదూరముననే పాపఘ్నీనది కొండలను రెండుగ చీల్చుకొని ప్రవహించుచున్నది. కర్ణాటకమందలి నంది కొండల ప్రాంతమున పుట్టిన ఈ నది, ఈ సందును దాటి, కమలాపురము సమీపమున పెన్నలో కలియుచున్నది. నది చేసిన ఆ సందుకే గండియని పేరు. అచ్చట వెలసిన స్వామి వీరాంజనేయుడు. శ్రావణమాసపు శనివారములలో రాయలసీమ నలుమూలల నుండి భక్తులు వచ్చి ఆ స్వామిని సేవించుచుందురు.

క్షేత్రకథ ఇట్లు చెప్పుదురు. ఈ గండియందు వాయుదేవుడు తపస్సు చేయుచుండెను. సీతాన్వేషణమునకై పోవుచున్న శ్రీరామచంద్రుని అతడు తన ఆతిథ్యము స్వీకరింపుమని వేడుకొనెను. తిరిగి వచ్చునపుడు స్వీకరింతునని స్వామి మాట యిచ్చెను. లంకావిజయానంతరము రాముడు వచ్చుచున్నాడని తెలిసి వాయుదేవుడు ఆ రెండు కొండల శిఖరములకు నడుమ ఒక బంగారు తోరణమును కట్టి స్వాగతమిచ్చెను. రాముడచ్చట విడిసియున్నపుడు తన బాణపు మొనతో ఒక శిలపై హనుమంతుని రూపమును గీసెను. ఎడమచేతి చిటికెనవ్రేలు ఒక్కటి మాత్రము విడివడక మిగిలిపోయెను. తరువాతికాలమున, శ్రీకృష్ణదేవరాయలకు పూజ్యులైన వ్యాసరాయలవారు ఆ రేఖలను విగ్రహముగ మలచుచు, ఆ వ్రేలిని కూడ విడదీయబోగా అచ్చటినుండి నెత్తురు స్రవించెననియు, అంతట వారు ఉలిని ప్రక్కన బెట్టి నమస్కరించిరనియు ప్రతీతి.

ఆ బంగారు తోరణమును గూర్చి మరియొక నమ్మకము కలదు. అది నేటికిని ఆ గండిపై వ్రేలాడుచునే యున్నదట. అయితే అది అందరకును కనబడదు. మరణము సమీపించిన పుణ్యాత్మునకు మాత్రమే కనబడునట.

మన్రో దొర చూచిన తోరణము

ఈ నమ్మకముతో ముడిపడిన పేరు సర్ థామస్ మన్రోది. 1800 సంవత్సరమున నిజాము ఈస్టిండియా కంపెనీకి వదలియిచ్చిన దత్తమండలములకు అతడు 1807 వరకు ముఖ్య కలెక్టరుగ నుండెను. 1820లో మద్రాసు గవర్నరయ్యెను. తిరుమలలోని "మన్రో గంగాళము" అను పేరు శ్రీనివాసుని భక్తులకు క్రొత్తది కాదు. మంత్రాలయమున రాఘవేంద్రస్వాములవారు బృందావనమునుండి అతనితో సంభాషించిరనియు, ప్రక్కనున్న వారికెవ్వరికిని ఆ మాటలు వినబడలేదనియు కూడ ఒక కథ కలదు.

1827లో, పదవి విడిచి స్వదేశమునకు పోవుటకు పూర్వము, మన్రో తాను మునుపు పాలించిన జిల్లాలను కడసారిగ చూడవలెనని బయలుదేరెను. గండిని దాటుచు తలయెత్తి చూచి, "ఈ కొండల నడుమ బంగారు తోరణమును ఎవరు కట్టిరి?" అని అడిగెనట. వెంటనున్నవారికి ఏమియు కనబడలేదు. వారిలోనొక వృద్ధుడు మాత్రము విషయమును గ్రహించి మిక్కిలి ఖిన్నుడయ్యెనట. ఇది జనులు చెప్పుకొను కథ. చరిత్రలో నిలిచియున్న సంగతి యేమనగా, ఆ ప్రయాణమునందే 1827 జూలై 6వ తేదీన పత్తికొండయందు కలరా సోకి అతడు మరణించెను. గుత్తిలో అతనిని సమాధి చేసి, కొన్నాళ్ళకు అస్థులను మద్రాసు కోటలోని చర్చికి చేర్చిరి.

ఈ కథను మనము నమ్మవలెనా? ఈ ప్రశ్న నేటి బాలబాలికలు తల్లిదండ్రులను తప్పక అడుగుదురు. ఇడుపులపాయలోనే 2008లో వెలసిన సాంకేతిక విశ్వవిద్యాలయమున వేలాది విద్యార్థులు చదువుకొనుచున్నారు. రుజువు లేనిదే దేనిని అంగీకరింపరాదని వారికి బోధింతురు. ఆ బోధ మంచిదే. అదే త్రోవలో గండికి పోవు భక్తుడు చేతులు జోడించుచున్నాడు. వీరిలో ఒకరు తెలివిగలవారు, మరియొకరు అమాయకులు అని తేల్చివేయుట తొందరపాటు. వారు చేయు పనులే వేరు.

మాటకు కొలత ప్రమాణము

ఒక వార్తను నమ్ముటకు ముందు దానికి ప్రమాణమేమని అడుగుట మన శాస్త్రములు నేర్పిన పద్ధతియే. విశిష్టాద్వైతులును మధ్వమతస్థులును ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని మూడు ప్రమాణముల నంగీకరించిరి. కన్నులతో చూచినది ప్రత్యక్షము. పొగను చూచి నిప్పు కలదని ఊహించుట అనుమానము. మనుష్యుల నోట వచ్చు శబ్దమునకు కూడ నియమము పెట్టిరి. చెప్పువాడు విషయము తెలిసినవాడును, వంచించు తలంపు లేనివాడును కావలెను. అట్టివానినే ఆప్తుడనిరి. ఎవడేమి చెప్పినను నమ్ముమని మన ఆచార్యులెన్నడును బోధింపలేదు.

మన పౌరాణికుల పలుకుబడిలో ఒక నిజాయితీ కలదు. తాము చూచినదానిని "చూచితిమి" అందురు. విన్నదానిని "అని చెప్పుదురు", "అని ప్రతీతి" అందురు. ఈ చిన్నమాటను విడిచిపెట్టకుండుట సత్యవ్రతములో ఒక భాగము. బంగారు తోరణపు కథను "అట" అను మాటతో చెప్పినంతవరకు దానియందు అసత్యమేమియు లేదు. పైగా ఆ కథ పరీక్షకు లోబడునది కాదు. చూచినవాడు సాక్ష్యము చెప్పుటకు మిగులడు. మిగిలినవానికి అది కనబడదు. అట్టి కథను న్యాయస్థానమున దాఖలుచేయు పత్రమువలె చూపి వాదించుటయు, రుజువు లేదని దానిని ఎగతాళి చేయుటయు రెండును దాని ప్రయోజనమును చెరచును. గవర్నరైనను, గుఱ్ఱముపై ఆరోగ్యముతో పోవుచున్నవాడైనను, తలపైన తోరణము కట్టబడియుండవచ్చునని ఆ కథ మనకు జ్ఞాపకము చేయుచున్నది. అంతమాత్రమును గ్రహించినవాడు దాని సారమును గ్రహించినవాడే.

మనిషికి కొలత నడవడి

అయినను ఒక ప్రశ్న మిగులుచున్నది. ఇందరు దొరలు వచ్చిపోయిరి గదా! అన్యమతస్థుడును పరదేశీయుడును అగు మన్రోకే మన ప్రజలు ఈ దర్శనమును ఏల కట్టబెట్టిరి? పుణ్యాత్మునకే కనబడు తోరణము అతనికి కనబడెననుటలో వారి తీర్పు ఇమిడియున్నది. అది వారు ఆ వ్యక్తిని నమ్మిరనుటకు సాక్ష్యము.

ఆ నమ్మకము ఊరక వచ్చినది కాదు. మన్రో కంపెనీ ఉద్యోగియే. కంపెనీ విధించిన పన్ను రైతుకు భారమైనదే. కాని అతడు గుడారములలో ఊరూర తిరిగి, రైతుల నోటనే వారి స్థితిని వినెను. భూమిపన్నును నూటికి ఇరువదియైదు వంతులు తగ్గించవలెనని 1807లో పై అధికారులకు వ్రాసెను. వారప్పుడు అంగీకరింపలేదు. పదుమూడు సంవత్సరముల తరువాత తాను గవర్నరై వచ్చినపుడు ఆ తగ్గింపును అమలు జరిపెను. అధికారము లేనినాడు పలికిన మాటను అధికారము వచ్చిననాడు మరువకుండుట అరుదైన గుణము. దత్తమండలములలో కొందరు తమ బిడ్డలకు "మన్రోలప్ప" అని పేరు పెట్టుకొనిరని చెప్పుదురు. మనిషిని నమ్ముటకు కొలత ఇదియే. అతడు చెప్పిన ఒక్కొక్క మాటకు రుజువు అడుగుచు కూర్చుండము. మాటకును చేతకును నడుమ ఎంత దూరమున్నదో కొంతకాలము చూతుము. ఆ దూరము లేనిచోట నమ్మకము తనంతట తానే కుదురుకొనును.

సీతమ్మ చూపిన మార్గము

మనిషిని ఎట్లు నమ్మవలెనో శ్రీమద్రామాయణమున సీతమ్మవారి చరిత్రము చూపినంత చక్కగ మరియేదియు చూపదు. పంచవటిలో సన్న్యాసివేషమున వచ్చినవానిని ఆ తల్లి అతిథిగ నమ్మినది. వేషమును చూచి నమ్ముటవలన కలుగు కీడు ఎంతటిదో అనుభవించినది. అశోకవనమున శింశుపావృక్షముపైనుండి రామకథ వినబడినపుడు ఆమె హృదయము పొంగినది. అయినను వెంటనే నమ్మలేదు. రావణుడే మరల రూపము మార్చుకొని వచ్చెనేమోయని శంకించినది. రామలక్ష్మణుల దేహచిహ్నములెట్టివో చెప్పుమన్నది. నరులకును వానరులకును స్నేహమెట్లు కలిగెనని అడిగినది. హనుమంతుడు ఇందులకు నొచ్చుకొనలేదు. "నేను నూరు యోజనముల సముద్రమును దాటి వచ్చితిని, నన్నే శంకింతువా?" యని అలుగలేదు. అడిగిన ప్రతి ప్రశ్నకును వినయముతో సమాధానము చెప్పి, పిమ్మట అంగుళీయకమును సమర్పించెను.

ఇందు గ్రహింపదగిన నీతి రెండు విధములు. నమ్మదలచినవారు అడుగుట తప్పుగాదు. నమ్మదగినవాడు అడిగినందులకు కోపింపడు. నేడు "నన్ను ప్రశ్నించుట పాపము" అని గద్దించు కాషాయధారి యెవ్వడైనను ఎదురుపడినచో, హనుమంతుని వినయమును తలచుకొని అతనిని కొలుచుకొనవచ్చును. సీతమ్మయు తన వంతుగ రామునకు నమ్మకము కలుగుటకై చూడామణి నిచ్చి, తమ దంపతులిద్దరకే తెలిసిన కాకాసురుని వృత్తాంతమును చెప్పి పంపినది. ఎంతటి ఆప్తుని నడుమనైనను గురుతు ఇచ్చి పుచ్చుకొనుట అవమానము కాదు. అన్నదమ్ములు పొలము పంచుకొనునపుడు పత్రము వ్రాసికొందమన్నచో అది అపనమ్మకమని అలుగువారు ఈ ఘట్టమును చదువవలెను.

అయితే పరీక్షకు ఒక హద్దు కలదు. అంగుళీయకమును చేతికి తీసికొన్న తరువాత సీతమ్మ మరల హనుమంతుని పరీక్షింపలేదు. గండిలోని విగ్రహపు చిటికెనవ్రేలి కథకు కూడ ఇదియే భావమని తోచును. శిలపై ఉలి పనిచేయవలసినంత పనిచేసినది. నెత్తురు కనబడినచోట వ్యాసరాయలవారు ఆగిరి. మనుష్యుల నడుమ కూడ అంతియే. భార్యను, భర్తను, చిరకాలమిత్రుని, ఎదిగిన కుమారుని నిత్యమును సోదా చేయుచుండిన, పరీక్ష గాయముగ మారును. నమ్మదగినవాడని తేలిన పిదప ఉలిని ప్రక్కన బెట్టుటయే ధర్మము. ఆ వ్రేలు విడివడకున్నను స్వామి స్వామియే గదా! మనుష్యుని యందును మనకు తెలియని భాగము కొంత ఎల్లప్పుడు మిగిలియుండును. దానితో కూడ స్వీకరించుటయే నమ్మకము.

భగవంతుని నమ్ముకొనుట

ఇక మూడవది. శరణాగతికి చెప్పబడిన అంగములలో, భగవంతుడు తప్పక రక్షించునను నిశ్చయమును మహావిశ్వాసమని మన పెద్దలు కొనియాడిరి. దీనిని తెలుపుటకు శ్రీవైష్ణవాచార్యులు సుందరకాండములోని ఒక సంఘటనను దృష్టాంతముగ చెప్పుదురు. ఇంద్రజిత్తు హనుమంతుని బ్రహ్మాస్త్రముతో బంధించెను. అది చాలదని తలచి రాక్షసులు నారత్రాళ్ళతో కూడ కట్టిరి. మరియొక బంధమును సహింపని ఆ అస్త్రము తనంతట తానే విడిపోయెను. శరణాగతియు అట్టిదే. స్వామిని ఆశ్రయించి, ఆయన చాలడేమోయను శంకతో మరియొక త్రాటిని వెదకినచో ఆ శరణాగతి నిలువదు.

ఇచ్చట మన చిక్కు విడిపోవుచున్నది. మనుష్యునితో వ్యవహరించునపుడు త్రాడు కూడ ఉండవలెను. పత్రము, సాక్షి, రసీదు అవసరమే. భగవంతుని విషయములో త్రాడు పనికిరాదు. ఈ రెంటిని తారుమారు చేయుటయే అనర్థహేతువు. స్వామికి మాత్రమే అర్పింపదగిన నిశ్శేషవిశ్వాసమును మహిమలు చూపెదనను ఎవ్వనికో అర్పించి, ఇల్లును ఒడలును గుల్లచేసికొనువారున్నారు. మనుష్యులతో చేయు బేరమును స్వామితో చేయుచు, "ఈ పని జరిగినచో నమ్ముదును" అనువారును ఉన్నారు. చేతిలోని ఫోనునకు వచ్చిన ప్రతి మాటను, అందు దేవుని బొమ్మ యున్నదను ఒక్క కారణముచేత, ఆప్తవాక్యముగ ఎంచి పదిమందికి పంపువారును కలరు. స్వామి బొమ్మ ఉన్నంతమాత్రమున అది స్వామి మాట కాదు.

త్రాడు వలదన్నంతమాత్రమున ఔషధము వలదని అర్థము చేసికొనరాదు. శరణాగతి ఆత్మరక్షణమునకు సంబంధించినది. దేహము స్వామి యిచ్చిన సొత్తు. దానిని కాపాడుట కైంకర్యము. మన్రోను బలిగొన్న కలరా అపరిశుభ్రమైన నీటిద్వారా వ్యాపించునని నేడు మనకు తెలియును. తిరునాళ్ళకు పోవు గృహిణి నీటిని కాచి వడపోసి తీసికొని పోవుట విశ్వాసలోపము కాదు.

"నమ్మినందులకు ఫలమిదియా?"

మొదట చెప్పిన కన్నీటి ప్రశ్నకు ఇప్పుడు రావలసియున్నది. మ్రొక్కుకొన్న తల్లికి బిడ్డ దక్కలేదు. వడ్డికాసులు తప్పక చెల్లించిన ఇంటికి ఆపద వచ్చినది. వారితో "నీ నమ్మకము చాలలేదు" అని పలుకుట మహాపరాధము. అట్టి మాట శాస్త్రసమ్మతమును కాదు.

వారి ప్రశ్నను మెల్లగ విడదీసి చూడవలెను. ఫలానాది జరుగునని నమ్ముట మొదటి తరగతి నమ్మకము. అది ఒక వార్తను నమ్ముట వంటిది. జరుగనిచో అది భంగపడక తప్పదు. స్వామిని నమ్ముకొనుట వేరు. ఇట్లే జరిపింతునని స్వామి మనకు పత్రము వ్రాసి యీయలేదు. విడువనని మాత్రము చెప్పెను. హనుమంతుడు వచ్చి వెళ్ళిన పిదప సీతమ్మకు చెర విడిపోయెనా? లేదు. రాక్షసస్త్రీల కావలి అట్లే యున్నది. ఆ తల్లి అంతకు పూర్వము ప్రాణత్యాగము చేయుదునని తలంచినంత దుఃఖమును పొందినది. రాముని నమ్ముకొన్న వారిలో ఆమెకు మించినవారు లేరు. అయినను ఏడ్చినది. కాబట్టి కన్నీరు అవిశ్వాసమునకు గురుతు కాదు. ఏడ్చుచు కూడ ఎవరి పేరు పలుకుచున్నామో దానియందే మన నమ్మకము తెలియును.

మరియొక మాట. విభీషణుడు శరణు వేడి వచ్చినపుడు సుగ్రీవుడు శంకించెను. హనుమంతుడు అతని ముఖమును, పలుకును పరిశీలించి నమ్మవచ్చునని చెప్పెను. అది మనిషిని కొలుచు కొలత. రాముడు ఆ సలహాను ఆదరించెను. కాని అంతటితో ఆగలేదు. వచ్చినవానియందు దోషమున్నను విడువననెను. మనము ఆయనను నమ్ముకొనుటకు పూర్వమే, మన యోగ్యతను లెక్కింపక, ఆయన మనలను చేకొనుచున్నాడు. భక్తుని విశ్వాసము ఆ అనుగ్రహమునకు ఆలస్యముగ ఇచ్చిన బదులు మాత్రమే.

స్వామి నమ్మినవానియందు ఒక బాధ్యత కూడ పుట్టుచున్నది. నమ్మకద్రోహమునకు మించిన పాపము లేదని మన పల్లెలలో నేటికిని అందురు. ఇచ్చిన మాటను నిలుపుకొనుట, తెలియనిదానిని తెలిసినట్లు చెప్పకుండుట, మనలను నమ్ముకొన్న పసివారిని, ముసలివారిని, పనివారిని వంచింపకుండుట, ఇవి నిత్యపూజలో చేరిన విషయములు. ఇతరులు నమ్మదగిన రీతిని బ్రతుకువాడే భగవంతుని నమ్ముకొన్నవాడని లోకము గుర్తించును.

మాటను విచారించి నమ్ము వివేకమును, మనిషిని తెలిసి నమ్ము ఔదార్యమును, తన పాదములనే నమ్ముకొను నిశ్చలబుద్ధిని శ్రీనివాసుడు మనకెల్లరకును ప్రసాదించుగాక!